ఎన్‌క్లెక్స్‌కి ల్యాబ్ వాల్యూస్ ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు? బుక్‌లో ఒక రేంజ్, మా హాస్పిటల్ రిపోర్ట్‌లో ఇంకో రేంజ్

విజయవాడ_వార్డ్_నర్స్

అందరికీ నమస్తే అండి. బీఎస్సీ నర్సింగ్ అయిపోయాక విజయవాడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్ మెడికల్ వార్డ్‌లో చేస్తున్నా, అమెరికాలో నర్సుగా చేయాలంటే రాయాల్సిన లైసెన్స్ ఎగ్జామ్ ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్‌కి ఏటీటీ (ఎగ్జామ్ రాయడానికి పర్మిషన్) వచ్చింది, హైదరాబాద్ సెంటర్‌లో డేట్ కూడా తీసుకున్నా. ఫార్మా, మెటర్నిటీ అన్నీ ఏదోలా నడుస్తున్నాయి గానీ ఈ ల్యాబ్ వాల్యూస్ దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోతోంది. నా దగ్గర రెండు బుక్కులు, ఒక కోచింగ్ వాళ్ల పీడీఎఫ్ ఉన్నాయి, మూడింటిలో మూడు రకాలుగా ఉంది. క్యాల్షియం ఒక దాంట్లో 8.5 నుంచి మొదలవుద్ది, ఇంకో దాంట్లో 9 నుంచి. బైకార్బ్ (రక్తంలో బైకార్బనేట్) ఒకచోట 22–26, ఇంకోచోట 21–28. మెగ్నీషియం అయితే యూనిట్లే వేరు.

దీనికి తోడు రోజూ వార్డ్‌లో చూసే రిపోర్టులు వేరేగా ఉంటాయి. మా ల్యాబ్ రిపోర్ట్‌లో బ్లడ్ యూరియా 15–40 అని ఉంటది, బుక్‌లో చూస్తే 10–20. క్వశ్చన్‌లో 34 అని కనపడగానే చెయ్యి నార్మల్ మీదకి వెళ్లిపోతోంది. ప్లేట్‌లెట్స్ మనం లక్షల్లో చెప్పుకుంటాం, అక్కడేమో 150,000 అని కామా వేరే చోట పెట్టి ఉంటది, ఒక్క క్షణం ఆగి లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది.

నా డౌట్లు ఏంటంటే, ఏ బుక్ రేంజ్ కరెక్ట్ అనుకోవాలి? అసలు ఎన్ని వాల్యూస్ నేర్చుకోవాలి, పీడీఎఫ్‌లో అయితే నాలుగు పేజీలు ఉన్నాయి? ఇంకా కొత్త ఎన్‌జీఎన్ (నెక్స్ట్ జనరేషన్ ఎన్‌క్లెక్స్) ప్యాటర్న్‌లో నార్మల్ రేంజ్ పక్కనే ఇచ్చేస్తారు, చదవక్కర్లేదు అని మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అంటోంది, నిజమేనా? నైట్ డ్యూటీలు చేసుకుంటూ చదువుతున్నాను, దయచేసి రాసినవాళ్లు చెప్పండి.

హ్యూస్టన్_తెలుగు_ఆర్‌ఎన్

చెల్లీ, ముందు ఆ నాలుగు పేజీల పీడీఎఫ్ పక్కన పెట్టెయ్. ఎగ్జామ్ పెట్టే ఎన్‌సీఎస్‌బీఎన్ వాళ్ల వెబ్‌సైట్‌లో టెస్ట్ ప్లాన్ ఫ్రీగా దొరుకుద్ది, ఇప్పుడు నడుస్తున్న ఎడిషనే తీసుకో, అందులో రిడక్షన్ ఆఫ్ రిస్క్ పొటెన్షియల్ అనే భాగం తెరువు. ల్యాబ్ వాల్యూస్ గొడవంతా అక్కడే ఉంటది. అక్కడ నుంచి తీసుకుంటే ముందు బాగా పట్టాల్సినవి సోడియం, పొటాషియం, బీయూఎన్ (బ్లడ్ యూరియా నైట్రోజన్), క్రియాటినిన్, గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ, హీమోగ్లోబిన్, హెమటోక్రిట్, డబ్ల్యూబీసీ, ప్లేట్‌లెట్స్, రక్తం గడ్డకట్టే టైమ్ చెప్పే పీటీ, ఏపీటీటీ, ఐఎన్‌ఆర్, టోటల్ కొలెస్ట్రాల్, ఏబీజీ (ధమని రక్తంలో గ్యాస్‌ల టెస్ట్). వీటికి నేనైతే క్యాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ కలుపుకోమంటాను ఎందుకంటే థైరాయిడ్ ఆపరేషన్ అయిన పేషెంట్, ఎక్లాంప్సియా (గర్భంతో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే) పేషెంట్ ఇవి లేకుండా అర్థం కారు. ఇంతే. అమైలేజ్, అమోనియా లాంటివి ఆ జబ్బు చదివేటప్పుడు దాంతోపాటే వస్తాయి, విడిగా బట్టీ పట్టేవి కావు.

ఏ బుక్ కరెక్ట్ అంటే, ఏదో ఒకటే పట్టుకో. ల్యాబ్ మెషిన్ మారితే రేంజ్ కొంచెం మారుద్ది, అందుకే బుక్కులు కలవవు. క్యాల్షియం 8.6 నార్మలా కాదా అని నీతో వాదించడం ఎగ్జామ్ పని కాదు, వాళ్లు అడిగేది 6.8 చూసి నువ్వేం చేస్తావని. రేంజ్ అంచుల మీద తలబద్దలు కొట్టుకునే టైమ్‌ని ఆ 6.8 పేషెంట్ దగ్గర పెట్టు. మూతి చుట్టూ తిమ్మిరి ఉందా, బీపీ కఫ్ బిగిస్తే చెయ్యి వంకర పోతోందా, గొంతులో గరగర శబ్దం వస్తోందా, ట్రేకియాస్టమీ సెట్ బెడ్ పక్కన ఉందా, క్యాల్షియం గ్లూకోనేట్ రెడీగా ఉందా. ఇవీ నీకు రావాల్సినవి.

నీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన ఎన్‌జీఎన్ కేస్ స్టడీల్లో పేషెంట్ చార్ట్ ఇస్తారు, ల్యాబ్ రిజల్ట్స్ ట్యాబ్ నొక్కితే వాల్యూ పక్కన రిఫరెన్స్ రేంజ్ ఉంటది. కానీ ఆ చార్ట్‌లోనే నర్స్ నోట్స్, వైటల్స్, ఆర్డర్స్ అన్నీ ఉంటాయి, ఒక కేస్‌కి ఆరు క్వశ్చన్లు, మొత్తం పేపర్ 85 నుంచి 150 దాకా వెళ్లొచ్చు, టైమ్ 5 గంటలు. ప్రతి నంబర్‌కీ పక్క కాలమ్ చూసుకుంటూ కూర్చుంటే పేషెంట్ కథ చేజారిపోద్ది. పొటాషియం తక్కువగా 2.9 కనపడగానే పక్కకి చూడకుండానే గుండె వైపు ఆలోచన పోవాలి. పైగా రేంజ్ ఇచ్చినా దాన్ని బట్టి ఏం చేయాలో అక్కడ రాసి ఉండదు కదా.

దమ్మాం_ఐసీయూ_నైట్స్

అక్క చెప్పింది కరెక్ట్. నేను కరీంనగర్, ఇప్పుడు సౌదీల ఐసీయూల చేస్తున్న. యూనిట్ల గురించి నేను చెప్త, ఎందుకంటే ఇక్కడ అంతా ఎస్‌ఐ యూనిట్లే (మిల్లీమోల్, మైక్రోమోల్ లెక్క), ఇండియాల నేర్చుకున్నది ఇక్కడ మళ్ల నేర్చుకోవాల్సొస్తది.

ముందు నీ యూరియా సంగతి. మన దగ్గర ల్యాబ్‌లు ఇచ్చేది మొత్తం యూరియా బరువు. అమెరికాల ఇచ్చేది బీయూఎన్, అంటే ఆ యూరియాల ఉన్న నైట్రోజన్ బరువు మాత్రమే. యూరియా మాలిక్యులర్ వెయిట్ 60, దాంట్ల రెండు నైట్రోజన్‌లు కలిపి 28, అందుకే బీయూఎన్‌ని 2.14తో గుణిస్తే మన యూరియా వస్తది. బీయూఎన్ 10–20ని అట్ల గుణించి చూడు, 21 నుంచి 43 దాకా వస్తది, మీ రిపోర్ట్ మీది 15–40కి దాదాపు దగ్గరే. రెండూ కరెక్టే, కొలిచేది వేరు. నువ్వు చెప్పిన బీయూఎన్ 34 అంటే మన లెక్కల యూరియా 73 దాక పోతది, అది నార్మల్ ఎట్లయితది? రోజూ డ్యూటీల యూరియా రిపోర్ట్ చూసినప్పుడల్లా మనసుల సగానికి కొంచెం తక్కువ చేసి బీయూఎన్ ఎంతో చెప్పుకో, వారం తిరిగేసరికి చెయ్యి దానంతట అదే అలవాటు పడ్తది.

ఎస్‌ఐ గురించి, కెనడా వాళ్లు కూడా 2015 నుంచి ఇదే ఎగ్జామ్ రాస్తున్నరు కాబట్టి రెండు యూనిట్లూ పక్కపక్కన ఇస్తరు. భయపడకు. సోడియం, పొటాషియంకి ఎంఈక్యూ అన్నా మిల్లీమోల్ అన్నా నంబర్ ఒకటే. గ్లూకోజ్ మిల్లీమోల్‌ని 18తో గుణిస్తే మన ఎంజీ వస్తది, 3.9 అంటే 70, 10 అంటే 180. క్రియాటినిన్ మైక్రోమోల్‌ని 88తో భాగిస్తే సరి, 106 అంటే 1.2. హీమోగ్లోబిన్ 120 అని కనబడితే సున్న తీసి 12 అనుకో. క్యాల్షియం 2.25 అంటే 9. నువ్వు ఇక్కడికి రాకపోయినా ఈ నాలుగైదు తెలిస్తే మంచిగ పనికొస్తయి.

ప్లేట్‌లెట్స్‌కి నేను చేసేది, వెయ్యిల్లోనే చదువుడు. లక్షన్నర అనుకోకు, నూటయాభై అనుకో. మెషిన్ ప్రింట్ కూడా అట్లనే 150 అని ఇస్తది. నూటయాభై నుంచి నాలుగు వందలు. యాభై కన్న కిందికి పోతే బ్లీడింగ్ ప్రికాషన్స్, మెత్తటి బ్రష్, ఐఎం ఇంజెక్షన్లు బంద్, రెక్టల్ టెంపరేచర్ తీయొద్దు. ఇరవై కన్న కింద అంటే ఊరికే కూడా రక్తం కారొచ్చు, అప్పుడు తలనొప్పి అన్నా మాట తడబడ్డా తల లోపల బ్లీడింగ్ గురించి ముందు ఆలోచించాలె. డెంగ్యూ సీజన్ల మన వార్డులల్ల పనిచేసినోళ్లకి ఇది పుస్తకం అక్కర్లేదు.

విజయవాడ_వార్డ్_నర్స్

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. యూరియా విషయం ఇంత సింపుల్‌గా ఎవరూ చెప్పలేదు నాకు. ఇంకొకటి అడుగుతాను. సింగిల్ వాల్యూ ఇచ్చి అడిగితే చేస్తున్నాను, నలుగురు పేషెంట్లని ఇచ్చి ఎవర్ని ముందు చూస్తావు అని అడిగితే నలుగురికీ వాల్యూస్ అబ్నార్మలే ఉంటున్నాయి, అక్కడ పోతోంది. నిన్న చేసిన దాంట్లో డయాలసిస్ పేషెంట్‌కి క్రియాటినిన్ 6.2, సీఓపీడీ (ఎన్నాళ్లుగానో ఉన్న ఊపిరితిత్తుల జబ్బు) పేషెంట్‌కి పీసీఓ2 (రక్తంలో కార్బన్ డయాక్సైడ్) 52, పీహెచ్ 7.36, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మీద ఉన్న ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పిన) పేషెంట్‌కి ఐఎన్‌ఆర్ 2.6, హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్‌కి ఫ్యూరోసెమైడ్, గుండె మందు డిగాక్సిన్ నడుస్తున్నాయి, పొటాషియం 2.9. క్రియాటినిన్ 6 అంటే చాలా ఎక్కువ కదా అండి, నార్మల్‌కి ఐదారు రెట్లు. ఏది ముందు?

పలాస_డయాలసిస్_సిస్టర్

అమ్మా, ఈ ప్రశ్న నాకోసమే వచ్చినట్టుంది. నేను శ్రీకాకుళం జిల్లాలో డయాలసిస్ యూనిట్‌లో పని చేస్తున్నాను, మాకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్దానం ఊళ్లవాళ్లు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పని చేసుకునేవాళ్లు, కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదీ కారణం అని గట్టిగా తేలకుండానే ఏళ్ల తరబడి బాధపడుతున్నవాళ్లు. వాళ్లకి క్రియాటినిన్ 6, 7 ఉండడం మాకు రోజూ చూసేదే. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుని మాట్లాడతారు. డయాలసిస్ పేషెంట్‌కి అది ఉండాల్సిన నంబరే, అందుకేగా డయాలసిస్ చేస్తున్నాం. అదే 6.2, నిన్నటిదాకా 0.9 ఉన్న మనిషికి ఆపరేషన్ అయిన రెండో రోజు వస్తే అప్పుడు పరుగెత్తాలి.

కాబట్టి నంబర్ నార్మల్‌కి ఎంత దూరం ఉంది అని కొలవకు తల్లీ, ఈ పేషెంట్‌కి, ఈ జబ్బుకి, ఈ మందుకి ఇది ఉండాల్సిందేనా అని అడుగు. సీఓపీడీ ఆయనకి పీసీఓ2 52 పాత సంగతి, పీహెచ్ 7.36 లోపలే ఉంది, అంటే ఒళ్లు సర్దుకుంది. వార్ఫరిన్ మీద ఐఎన్‌ఆర్ 2.6 అంటే మందు సరిగ్గా పని చేస్తోంది, మనకి కావలసింది 2–3. మందు లేనివాళ్లకి 1 చుట్టూ ఉంటుందని గుర్తుపెట్టుకుని, 2.6 చూసి కంగారుపడితే అక్కడే తప్పు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇన్ఫ్యూజన్ కూడా అంతే, ఏపీటీటీ 70 అంటే మామూలు మనిషికి ఎక్కువ, హెపారిన్ మీద ఉన్నవాళ్లకి కావలసినదే. 120 అయితే ఇన్ఫ్యూజన్ ఆపి డాక్టర్‌కి ఫోన్, హెపారిన్‌కి విరుగుడు ప్రోటమిన్ ఎక్కడుందో చూసుకోవాలి.

ఇక మిగిలింది ఆ హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్, ఆయన దగ్గరికే ముందు వెళ్లాలి. ఫ్యూరోసెమైడ్ పొటాషియంని మూత్రంలో బయటికి పంపేస్తుంది, పొటాషియం తగ్గితే అదే డోసు డిగాక్సిన్ విషంలా పని చేస్తుంది. మనిషికి వాంతి వచ్చేలా ఉందా, చూపు పసుపుగా ఉందా, ఏపికల్ పల్స్ (గుండె మీద స్టెత్ పెట్టి వినేది) ఒక నిమిషం నిండా లెక్కపెడితే 60 దాటుతోందా, మానిటర్ మీద రిథమ్ ఎలా ఉంది చూడాలి, డిగాక్సిన్ ఆపి ప్రొవైడర్‌కి చెప్పాలి. పొటాషియం ఐవీలో పెట్టమంటే పంప్ మీదే, పెరిఫెరల్ లైన్‌లో మామూలుగా గంటకి 10 ఎంఈక్యూ దాటకుండా, ముందు మూత్రం వస్తోందో లేదో చూసుకుని. ఐవీ పుష్ అని ఆప్షన్ ఉంటే అది ఎప్పటికీ జవాబు కాదు, ఆ ఒక్కటీ మాత్రం ప్రాణాల మీదకి వచ్చే విషయం, ఎగ్జామ్‌లోనే కాదు వార్డ్‌లోనూ.

పొటాషియం ఎక్కువైన సంగతి నాకు ఇంకా దగ్గర. 6.8 వస్తే ఈసీజీలో టీ వేవ్ గుడారంలా పైకి లేస్తుంది. క్యాల్షియం గ్లూకోనేట్ ఇచ్చేది గుండెని కాపాడడానికి, అది పొటాషియంని తగ్గించదు. ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్ కలిపి ఇచ్చేది పొటాషియంని కణాల్లోకి తోయడానికి, ఒంట్లోంచి బయటికి పంపేది డయాలసిస్. ఈ మూడు పనులూ వేరువేరు అని తెలిస్తే చాలా ప్రశ్నలు వాటంతట అవే విడిపోతాయి. మా పేషెంట్లకి రోజూ చెప్పే మాట కొబ్బరి నీళ్లు వద్దని, తోటల మధ్యలో బతికేవాళ్లకి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో. ఎగ్జామ్‌లో కొబ్బరి బోండం రాదు, సాల్ట్ సబ్‌స్టిట్యూట్ అని వస్తుంది, అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్, కిడ్నీ పేషెంట్‌కి, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లకి అది పెట్టకూడదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి, వాల్యూ వచ్చింది కదా అని నమ్మేసే ముందు శాంపిల్ ఎలా తీశారో చూడాలి. టూర్నికే చాలాసేపు బిగించి, పేషెంట్‌ని గుప్పిట మూస్తూ తెరుస్తూ ఉండమంటే పొటాషియం లేనిపోని ఎక్కువ వస్తుంది. ట్యూబ్ గట్టిగా ఊపినా రక్తకణాలు పగిలి అంతే. పేషెంట్ బాగానే ఉన్నాడు, ఈసీజీ బాగుంది, రిపోర్ట్‌లో హీమోలైజ్డ్ అని ఉంది, అంటే మళ్లీ శాంపిల్ తీయాలి.

హ్యూస్టన్_తెలుగు_ఆర్‌ఎన్

సిస్టర్ గారూ ఎంత బాగా చెప్పారండి. నేను దీనికి ఒకటి కలుపుతాను, ట్రెండ్. ఎన్‌జీఎన్‌లో మూడు రోజుల వాల్యూస్ పక్కపక్కన పెట్టి ఇస్తారు. హెపారిన్ మొదలుపెట్టినప్పుడు ప్లేట్‌లెట్స్ 240, ఆరో రోజుకి 110 అనుకో. 110 అంటే బ్లీడింగ్ ప్రికాషన్స్ లెక్కకి రాదు కాబట్టి చాలామంది వదిలేస్తారు, కానీ సగానికి పైగా పడిపోయింది, అది హెపారిన్ వల్లే ప్లేట్‌లెట్స్ పడిపోయే హిట్ (హెచ్‌ఐటీ) కావొచ్చు, హెపారిన్ ఆపాలి. రేంజ్ ఒక్కటే చదివినవాళ్లకి ఇది కనపడదు. హీమోగ్లోబిన్ కూడా అంతే, పొద్దున 13.5 ఉండి సాయంత్రం 11 అయితే మనిషికి ఎక్కడో రక్తం కారుతోంది. గర్భిణికి అదే 11 మాత్రం సరే, ప్లాస్మా పెరిగి పలచబడుద్ది కాబట్టి.

దమ్మాం_ఐసీయూ_నైట్స్

ఏబీజీ గురించి ఎవరూ అనలే. చెల్లె, పీహెచ్ 7.35–7.45, పీసీఓ2 35–45, ఈ రెండింట్లో 35, 45 మళ్ల మళ్ల వస్తయి చూడు, అందుకే మర్చిపోం. బైకార్బ్ 22–26. ముందు పీహెచ్ చూడు ఎసిడోసిసా (ఆమ్లం ఎక్కువ) ఆల్కలోసిసా (క్షారం ఎక్కువ) అని, తర్వాత దాన్ని ఆ దిక్కు లాగింది ఎవరో చూడు. పీహెచ్ 7.30, పీసీఓ2 52, బైకార్బ్ 25 అయితే ఊపిరితిత్తులది తప్పు, కిడ్నీ ఇంకా కదలలేదు. పీహెచ్ 7.25, పీసీఓ2 28, బైకార్బ్ 12 అయితే డీకేఏ (షుగర్ బాగా పెరిగి రక్తంల ఆమ్లం చేరిన) పేషెంట్‌ని తలుచుకో, పేషెంట్ గబగబ లోతుగా ఊపిరి తీసుకుంటున్నడు, అదే పీసీఓ2ని 28కి దించింది. ఆ ఊపిరిని తగ్గించే మందు ఇస్తవా? ఇయ్యవు, ఒళ్లు తన్ను తాను కాపాడుకునేది అదే. ఫ్లూయిడ్స్, ఇన్సులిన్, ఇంకా పొటాషియం మీద కన్ను, ఎందుకంటే ఇన్సులిన్ పడంగనే పొటాషియం లోపలికి పోతది, మొదట్ల 5.4 ఉన్నది కొన్ని గంటల్లనే 3కి వస్తది.

ఐసీయూల ఉన్నవాళ్లకి ఏబీజీ ప్రింట్ చేతికి రాంగనే నోటితోని పైకి చదువుడు చాలు. నీకు మెడికల్ వార్డ్ కాబట్టి మీ ఐసీయూ సిస్టర్లని అడుగు, పాత ప్రింట్లు చూపిస్తరు, పేషెంట్ పేరు కనబడకుండ.

విజయవాడ_వార్డ్_నర్స్

రేపటి నుంచి అదే చేస్తా అన్నా. సిస్టర్ గారూ, మీరు రాసింది నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. నేను ఇప్పుడు పేజీకి ఒక వాల్యూ పెట్టుకుని, పైన నార్మల్, కింద తగ్గితే ఎవరికి, పెరిగితే ఎవరికి, నేనేం చేస్తాను అని రాసుకుంటున్నా. చివరిగా డ్రగ్ లెవెల్స్ కూడా ఇలాగే చదవాలా? డిగాక్సిన్, లిథియం, ఫినిటాయిన్, మెగ్నీషియం సల్ఫేట్ ఇవి చాలా?

పలాస_డయాలసిస్_సిస్టర్

అవి చాలు తల్లీ, కావాలంటే థియోఫిలిన్ కలుపుకో, ఫినిటాయిన్‌కీ థియోఫిలిన్‌కీ 10–20 ఒకటే. డిగాక్సిన్ 0.5–2. లిథియం 0.6–1.2, 1.5 దాటితే విషమే, చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం. దాన్ని సోడియంతో కలిపి చదువు. ఒంట్లో సోడియం తగ్గితే కిడ్నీ లిథియంని పట్టి ఉంచేసుకుంటుంది, అందుకే ఎండాకాలం చెమటలు, విరేచనాలు, ఉప్పు మానేసిన పథ్యం ఇవన్నీ లిథియం పేషెంట్‌కి ప్రమాదం. శాంపిల్ చివరి డోసు వేసిన 12 గంటలకి తీయాలి, పొద్దున మాత్ర వేసేసి తర్వాత తీస్తే నంబర్‌కి అర్థం ఉండదు.

మెగ్నీషియం సల్ఫేట్‌కి మాత్రం నంబర్ కోసం ల్యాబ్ దాకా ఆగకూడదు. ప్రీఎక్లాంప్సియా తల్లికి ఇస్తున్నప్పుడు లెవెల్ మామూలు కన్నా ఎక్కువే ఉంటుంది, ఉంచుతున్నదే మనం. ముందు మోకాలి రిఫ్లెక్స్ పోతుంది, తర్వాత ఊపిరి తగ్గుతుంది. రిఫ్లెక్స్ రావట్లేదు, ఊపిరి 12 కన్నా తక్కువ, మూత్రం గంటకి 30 ఎంఎల్ కన్నా తక్కువ, వీటిలో ఏది కనపడినా ఇన్ఫ్యూజన్ ఆపు, డాక్టర్‌ని పిలువు, క్యాల్షియం గ్లూకోనేట్ చేతిలోకి తీసుకో. మీ హాస్పిటల్‌లో లేబర్ రూమ్ ఉంటే ఒకసారి అక్కడి సిస్టర్లతో ఉండి రిఫ్లెక్స్ హ్యామర్‌తో ఎలా చూస్తారో చూసి రా, ఆ పేజీ నువ్వు మళ్లీ తిరగేయక్కర్లేదు.